సావుకారు పంచె, పడుకుని తొక్కే సైకిలు

వాన పడిన రోజు మా అంగట్లో రెండు వాసనలు లేస్తాయి. ఒకటి కొత్త తానుల గంజి వాసన, రెండోది గొలుసు నూనె వాసన. మొదటిది బట్టల అంగడికి సహజం. రెండోదానికి కారణం జాకెట్టు గుడ్డల బీరువా పక్కన గోడకు ఆనించిన ఒక సైకిలు. దాని మీద కూర్చోరు, వెనక్కి వాలి పడుకుంటారు. పెడళ్ళు ముందుచక్రం దగ్గర ఎత్తున ఉంటాయి కాబట్టి, ఎక్కడికి వెళ్ళినా మనకంటే మన కాళ్ళు ముందు చేరతాయి. నిన్న వాన పడింది. గిరాకీ లేదు. రాబర్ట్‌సన్‌పేట బజారంతా చూరుల కింద నిలబడింది. ఆ వాసనకు మా సావుకారు గోవిందయ్యశెట్టి గారు గుర్తొచ్చారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఉండుంటే, "వాన చూస్తా నిలబడితే వాన నీకు జీతమిస్తాదా అప్పా?" అనేవారు.

బి.కాం. పాసై, మంచి ఉద్యోగం దొరికేదాకా అనుకుని ఆయన దగ్గర చేరాను. అది ఇంకా దొరకలేదు, నేనూ వెతకడం మానేశాను. మనిషి గడప దాటేలోపు అతనికి ఏ గుడ్డ నప్పుతుందో చెప్పగలిగిన సావుకారు, తాను మాత్రం పెళ్ళినాటి నుంచి తెల్ల పంచె, తెల్ల చొక్కా తప్ప వేరేది కట్టలేదు. ఆయన మోకాలు ఎలా ఉంటుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అలాంటి మనిషికి నడుములో నరం పట్టేసింది. నాలుగడుగులు వేస్తే కాలు మొద్దుబారేది. ఆటో ఎక్కితే మా ఊరి రోడ్లు ఆయన నడుముతో నేరుగా మాట్లాడేవి. బెంగళూరులో ఉన్న కొడుకు రమేశ్ వచ్చి తేల్చి చెప్పాడు. "ఇంగ చాలు నాయనా. మొబైల్ ఫోన్లోళ్ళు అంగడి బాడుగకు అడుగుతా ఉండారు. ఎవురి సాయమూ లేకుండా నువ్వు దినామూ అంగడికి రాగలిగితే సరే. లేకుంటే ఉగాదికి ఇచ్చేద్దాం." అంగడి లేని గోవిందయ్యశెట్టిని సావుకారు కూడా ఎప్పుడూ చూసినట్టు లేదు. రమేశ్ కూతురు మాత్రం తాత కోసం ఎక్కడో వెతికి ఈ సైకిలు పంపింది. వెనక్కి వాలి తొక్కితే నడుము మీద బరువు పడదని డాక్టరూ ఒప్పుకున్నాడు. నేర్చుకున్న విధానం గురించి రాయను. గాయాలు మానిపోయాయి.

మొదటి ఉదయం ఆయన పంచెతోనే బయలుదేరారు. మోకాళ్ళు పైకి, పాదాలు ముందుకు, పాత బంగారు గనుల సైనైడు మట్టిదిబ్బల వైపు నుంచి ఎదురుగాలి. గాలికి పంచె అంటే గౌరవం ఉన్నట్టు లేదు. బజారు మలుపు తిరిగేసరికి ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి పంచె మీద ఉంది. ఆ పూట ఆయన గురించి బజారుకు అంతవరకూ తెలియని కొన్ని సంగతులు తెలిశాయి. అప్పుడే బియ్యం అంగడి సుబ్బయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. సావుకారుకు మామ వరస, వయసులో పెద్ద. ఆయనకు ముందుగా కనిపించినవి రెండు అరికాళ్ళు.

"ఏం గోవిందయ్యా, నాకే కాళ్ళు చూపిస్తావా?" అని కేక వేశారు.

"కోపం చేసుకోవద్దు మామా! మొహం వెనకాలే వస్తా ఉండాది, రోంత ఓపిక పట్టు!"

మర్నాడు మా అంగట్లోదే తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చారు. నిలబడితే బాగుంది. పడుకుంటే కాలి అంచుల్లోంచి గాలి దూరి ప్యాంటు రెండు దిండ్లయింది. కుడి అంచును గొలుసు నమిలింది. చొక్కా పైకి జరిగి పొట్ట ఎండకు వచ్చింది. అన్నిటికంటే ముఖ్యం, వెనక జేబులోని అంగడి తాళాలు దారిలో ఎక్కడో జారిపోయాయి. తాళం పగలగొట్టించి తెరిచాం. ఈ వార్త మేం చెప్పకముందే బెంగళూరు చేరింది. "ఆదివారం వస్తా ఉండా. మొబైలోళ్ళు గూడా కొలతలకు వస్తారు" అని రమేశ్ ఫోన్ చేశాడు.

ఆ రోజు సావుకారు కౌంటరు వెనక కూర్చుని, గొలుసు నమిలిన అంచును చేత్తో సాపు చేస్తూ ఉన్నారు. అరుగు మీద మిషను కుట్టే మేరీ అక్క చూస్తూ ఊరుకునే మనిషి కాదు. దారం కొరుకుతూ అంది: "సావుకారూ, తాళాలు పోనీ. పైనా తెలుపు, కిందా తెలుపు, మనిషి వెల్లకిల. ఎదురొచ్చినోళ్ళు చెప్పులిడిసి దండం పెడతా ఉండారు. రేపు ఎవురో పూలు గూడా చల్లుతారు."

నేను తానుల వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాను. సావుకారు కూడా నవ్వారు, తర్వాత ఆలోచించారు. "పూలు చల్లితే చల్లనీలేమ్మా. ఇంత కిందుగా పోతా ఉంటే లారీ వాని కంట్లో పడాల గదా. తెలుపు పనికిరాదు." పై అర వైపు చూశారు. అక్కడ ఎన్నేళ్ళయినా కదలని ముదురు నారింజ రంగు తాను ఉంది. దాన్ని కొన్నది తానేనని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. "దించప్పా దాన్ని" అన్నారు.

ఇక ఇద్దరూ కొత్త బట్టల పని మొదలుపెట్టారు. ఆయన బల్ల మీద వెల్లకిలా పడుకున్నారు, అక్క అలాగే కొలతలు తీసింది. "నిలబెట్టి కొలిచేది నిలబడేవానికమ్మా" అన్నారు. వెనక జేబులు లేవు, వీపు మీద కుట్టు లేదు. జేబులు గుండె మీద, మూతతో, బొత్తాంతో. కాలి అంచులకు గుండీ పట్టీలు. ముందు పొడుగు, వెనక పొట్టి చొక్కా. సూర్యుడు నేరుగా ముఖంలోకి చూస్తాడు కాబట్టి ముందుకు పొడుగ్గా వచ్చిన అంచుతో టోపీ. అరికాళ్ళ సంగతి మిగిలింది. పెడళ్ళ ముందు చిన్న తెర కడదామని అక్క అంటే, పాదాలు కప్పితే చాలదు, ఎదురొచ్చినవాళ్ళను పలకరించాలి అన్నారు సావుకారు. తెర మీద అక్క ఎర్ర దారంతో రెండు చేతులు జోడించినట్టు కుట్టింది.

ఆదివారం రమేశ్, టేపు పట్టుకున్న మొబైలాయన అంగడి ముందు నిలబడ్డారు. మలుపులో ముందు నమస్కారం కనిపించింది, ఆ వెనక నారింజ రంగు, ఆ వెనక సగం బజారు. సుబ్బయ్యగారు తెరకు ప్రతినమస్కారం చేశారు. సావుకారు దిగి, గుండె మీది జేబు బొత్తాం విప్పి, తాళం తీశారు. చెమట తప్ప ఆయన ముఖంలో ఏ కష్టమూ లేదు.

రమేశ్ గొంతు తగ్గించాడు. "నాయనా, ఏంది ఈ వేషం? జనం నవ్వుతా ఉండారు."

"నవ్వుతారప్పా. నవ్వుకుంటా యాడికొచ్చినారో చూడు."

వాళ్ళు అంగట్లోకే వచ్చారు. నరసాపురం ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు అందుకోవడానికి చీకట్లో సైకిలు మీద వెళ్ళే ఇద్దరు, ఆ రంగు గుడ్డ ఇంకా ఉందా అని అడిగారు. వాళ్ళను చూసి ఇంకొందరు అడిగారు. టేపు చాచడానికి చోటు లేక మొబైలాయన కాసేపు గోడకు అంటుకుని నిలబడి, తర్వాత రమేశ్‌కు చెప్పి వెళ్ళిపోయాడు. రమేశ్ చొక్కా చేతులు పైకి మడిచి, నాతో పాటు గుడ్డ కొలిచి చింపడం మొదలుపెట్టాడు. ఉగాదికి అంగడి అంగడిగానే ఉంది. చివరి వరకూ ఆయన రోజూ తానే వచ్చి తెరిచారు.

ఇప్పుడు ఆ కౌంటరు వెనక నేను కూర్చుంటున్నాను. ఎవరు ఏ బట్ట తొడిగి చూసుకున్నా, ముందే అద్దం దగ్గరికి పోనివ్వను. కూర్చోమంటాను, వంగమంటాను, చెయ్యెత్తమంటాను. మొన్న ముళబాగిలు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు బిగుతు షేర్వాణీలో మురిసిపోతుంటే, నేల మీద బాసింపట్టు వేయించాను. వెనక సర్రున చిరిగింది. వాళ్ళమ్మ నన్ను తినేసేలా చూసింది. "నాకు నష్టం లేదమ్మా. పీటల మీద చిరిగేది ఈడే చిరిగింది" అన్నాను. ఆమె కొడుకును లేవమని చెప్పి, నన్ను ఇంకో సైజు చూపించమంది.