చాప మీద వెలుగు

దీపాలు ఎక్కడ పెట్టాలో గీసి ఇవ్వడం అబిగయీలు పని. గీసి ఊరుకోదు. గోడలు లేస్తుండగానే వచ్చి, చెప్పులు బయట విడిచి, రేపు మనుషులు కూర్చునే చోట సిమెంటు దుమ్ములో కూర్చుని చూస్తుంది. కొంగుకు అంటిన సున్నం దులుపుకోదు. తోటపల్లి గూడూరు దగ్గర కొత్త చర్చిలో, మర్నాడు గోడలకు పూత వేస్తారనగా, గోతాలు కప్పిన కిటికీ పక్కన ఆనందకుమారి అవ్వ చాప పరిచింది. "ఇది మా ఆడోళ్ల చోటు. బెంచీలు మగోళ్లకి." అబిగయీలు గీతల్లో అది ఖాళీ దారి. పైన దీపం, దాని కింద ఫ్యాను. అవ్వ పక్కన కూర్చుని రెండింటి స్విచ్చులూ వేయించింది. అవ్వ ఒళ్లోని బైబిలు మీద ఫ్యాను రెక్కల నీడలు చేపపిల్లల్లా పరుగెత్తాయి. "నా తల్లే, అక్షరాలు ఉరుకుతుండాయి!" అంది అవ్వ.

"మీరు గీసిందే కదా మేడమ్!" అన్నాడు మేస్త్రీ పెంచలకృష్ణ.

"కుర్చీలో కూర్చోని, ఇది దారే అనుకోని గీసినానన్నా. పూత పడకముందే దీపాన్ని గోడకి దించు."

సాయంత్రానికి దీపం గోడ మీదికి దిగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అవ్వ నిలిచిన అక్షరం మీద వేలు పెట్టి, గొంతెత్తి చదవసాగింది. "చాల్లే అవ్వా, పని ఉండాది" అన్నాడు మేస్త్రీ. ఆమె ఆపలేదు. అధ్యాయం ముగిసేదాకా తాపీలన్నీ ఆగాయి.