బొట్టు పెట్టకముందే ఎర్రబడిన గాజుముక్క

రంగు వేయకుండానే రంగు పుట్టించవచ్చనే కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడపడుచు కూతురు. ఐర్లండ్‌లోని కార్క్‌లో పరిశోధన చేస్తూ, ఆ పక్కనే బాలింకాలిగ్‌లో మా ఇంట్లోనే ఉంటుంది. దసరా శనివారం పొద్దున చిన్న గాజుముక్క చూపించింది. చిలకపచ్చగా మెరుస్తోంది.

“ఇందులో పెయింటే లేదత్తా. వెండిని కంటికి ఆననంత చిన్న మొలకల్లా నిలబెట్టాం. వాటి మీద పడి తిరిగొచ్చే వెలుతురే ఈ పచ్చ. సోమవారం ఎగ్జామినర్లకు చూపించాలి. నా మూడేళ్ల పని.”

నాన్న ఇంట్లో చెప్పిన చదువు తప్ప బడి ఎరుగని నాకు ఇంత ఓపిగ్గా చెప్పే పిల్లనిచ్చాడని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అక్కడితో ఆగవలసింది. సాయంత్రం అద్దె హాల్లో ఇక్కడి తెలుగువాళ్ల ఆయుధపూజ. అమ్మవారి ముందు లాప్‌టాప్‌లు, కారు తాళాలు, స్టెతస్కోపులు పేర్చారు. పిల్ల ఆయుధం ఇదే కదా అని, తనతో చెప్పకుండా, ఆ ముక్కనూ పెట్టాను. వత్తి ఎగదోసిన వేలితో దాన్ని సర్ది, కుంకుమ అందుకునేలోపే వేలు తగిలినచోట పచ్చ పోయి ఎరుపు తిరిగింది.

“అమ్మవారే బొట్టు పెట్టేసింది!” అన్నారు పూజ కమిటీ అంకుల్. రిపోర్టు చూడనిదే జ్వరాన్ని కూడా నమ్మని, ట్రాలీ ఊరినుంచి వచ్చిన డాక్టరుగారు సాష్టాంగపడ్డారు. హారతి పూర్తయ్యేలోపే ఫొటో ఎక్కడో ఉన్న కాజిల్‌బార్ ఊరిదాకా చేరింది.

పిల్ల పరుగున వచ్చింది. “అత్తా, అది నూనె! మొలకల సందుల్లో నూనె నిండితే రంగు మారుతుంది, అంతే!”

“సైన్సు అన్నిటికీ జవాబు చెప్పలేదమ్మా,” అన్నారు అంకుల్.

“దీనికి చెప్తుందంకుల్.”

“సరేలే. ముందు పంచామృతం తెండి, అభిషేకం చేద్దాం.”

పిల్ల ముక్కను లాక్కుని బయటికి నడిచింది. కారులో దారంతా ముక్కను అటూ ఇటూ తిప్పి చూసుకుంటూనే ఉంది.

ఆదివారం తనతో ల్యాబుకు నేనూ వెళ్లాను. ల్యాబు చూసుకునే ఐరిష్ పెద్దావిడ చర్చి నుంచి నేరుగా వచ్చి తలుపు తీసింది. నా ముఖం చూసి, “నూనేగా? పోయినేడు ఒకడు వెన్న శాండ్‌విచ్ పెట్టాడు దాని మీద. ఇట్స్ గ్రాండ్, ఏం ఫర్వాలేదు,” అంది. మధ్యాహ్నం దాకా చుక్క చుక్కగా స్పిరిట్ పోసి కడిగింది. పచ్చ తిరిగొచ్చింది. సోమవారం పిల్ల గట్టెక్కింది.

మరుసటి వారం కమిటీవారు అమ్మవారికి దండ వేసి, మహిమ జరిగిన చేయి నాదని నాకు శాలువా కప్పారు. కడిగిందెవరో చెప్పాను. “ఎంత వినయం!” అని చప్పట్లు కొట్టారు.

మీరు దీపం పెట్టుకున్నప్పుడు ఆ పెద్దావిడను ఒక్కసారి తలచుకోండి.