ఓడలరేవులో ఒక ఆవిరి పీత

యాభై దాటేవరకు నేను పీత తినలేదు. మా ఆలమూరు వరిచేల ఊరు. మాకు పీత అంటే గట్టు తొలిచి మడిలో నీళ్లు పోగొట్టే శత్రువే కాని భోజనం కాదు. అలాంటివాణ్ణి మొన్న ఫోనులో ఒకాయన పీతను ఉత్త ఆవిరి మీద ఉడికించి, కళ్లు మూసుకుని తినడం చూశాను. అంత మోక్షం మా ఊరి పెళ్లి భోజనాల్లో కూడా ఎవరి మొహంలోనూ కనపడలేదు. ఓడలరేవులో మా వియ్యంకుడికి సొంత బోటుంది. బయల్దేరాను.

పొద్దున్నే రావులపాలెంలో బస్సెక్కి కొత్తపేట దాకా ఒంటికాలి మీద తపస్సు చేశాను. అక్కడ సీటు దొరికింది. అంటే సగం సీటు. మిగతా సగమూ, నా ఒళ్లో సగమూ పక్కనున్న పెద్దావిడ అరటిగెలది.

"ఎందాకండీ?" అంది.

"ఓడలరేవండీ. ఆవిరి మీద ఉడికించిన పీతలు తినడానికి."

"మసాలా?"

"వెయ్యరండీ."

"ఉల్లిపాయైనా?"

"అదీ లేదండీ."

ఆవిడ జాలిగా గెలలోంచి రెండు పళ్లు తుంచి నా చేతిలో పెట్టింది. "తినండి బాబూ. ఆపరేషనెప్పుడైందండీ?"

అమలాపురంలో పెసరట్టు తిని ఆటో ఎక్కాను. అందులో ఎంతమందిమి ఉన్నామో లెక్కపెడదామంటే మెడ తిరగలేదు. ఎండ ముదిరేసరికి ఓడలరేవు చేరాం. వియ్యంకుడు సత్తిబాబుగారు అప్పుడే బోటు దిగిన పీతల బుట్టతో ఎదురొచ్చారు. ఒక్కొక్కటీ కంచమంత. కాళ్లు తాళ్లతో కట్టేసి ఉన్నా, మా తాతల నాటి గట్టు తగాదా గుర్తొచ్చినట్టు నావైపు గుడ్లురిమాయి.

ఇంటికెళ్లి వియ్యపురాలు మంగతాయారుగారికి నా కోరిక చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె జారిపోయింది.

"అన్నయ్యగారూ, మావల్ల ఏం తప్పు జరిగిందండీ?"

"అయ్యో, తప్పేముంది చెల్లెమ్మా! అసలు రుచి చూద్దామని."

"పిల్లనిచ్చినోరు మొదటిసారి భోజనానికొస్తే చప్పిడి పీతలు పెట్టేరంటే నేను వీధిలో తలెత్తుకు తిరగ్గలనాండీ?"

"వీధికెలా తెలుస్తుందమ్మా?"

"వాసన రాపోతే తెలీదాండీ!"

నిజమే. చుట్టాలొచ్చిన ఇంట్లో ఏం వండారో ఆ వీధిలో ఎవరూ అడగరు. పీల్చుకుంటారు. ఏ వాసనా రాలేదంటే మర్యాద జరగలేదని చాటింపు వేసినట్టే. ఆవిడ కళ్లనిండా నీళ్లు. నాకేమో పీత కావాలి. చివరికి సత్తిబాబుగారు తీర్పు చెప్పారు: "రెండు పొయ్యిలూ ఎలిగించవే."

ఒక పొయ్యి నాకు, ఒక పొయ్యి వీధికి. నా పొయ్యి మీద ఇడ్లీ పాత్రలో ఆరు పీతలు ఆవిరి స్నానం చేస్తున్నాయి. వీధి పొయ్యి మీద అల్లం, వెల్లుల్లి, మసాలా, చింతపండుతో పులుసు కుతకుతలాడుతోంది. అందులో పీత మాత్రం లేదు. ఉత్త వాసన కోసం వంట చేయడం నా జన్మలో అదే చూడటం.

మొదటి పీత కంచంలోకి వచ్చింది. ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలియక చుట్టూ ప్రదక్షిణం చేసినంత పని చేశాను.

"కాళ్లతో మొదలెట్టండి బావగారూ. డొప్ప ఆఖర్న," అన్నారు సత్తిబాబుగారు.

పచ్చడిబండతో ఒక్కటిచ్చాను. కాలు పగల్లేదు. ఎగిరి గోడనున్న క్యాలెండరుకి తగిలింది.

"తింటన్నారా, పగ తీర్చుకుంటన్నారా అండీ?" అన్నారాయన.

రెండో దెబ్బకు తెల్లటి కండ బయటపడింది. నోట్లో పెట్టుకున్నాను. లేత కొబ్బరి తీపి, వెనకాలే సన్నగా సముద్రపు ఉప్పు. ఇక్కడ మాత్రం నేను ఏమీ పెంచి చెప్పడం లేదు. కళ్లు వాటంతటవే మూతలు పడ్డాయి.

తెరిచేసరికి గుమ్మంలో పక్కింటి వెంకాయమ్మగారు, చేతిలో గిన్నెతో.

"వాసన మమ్మల్ని ఇంట్లో కూకోనివ్వట్లేదు వదినా! మా మావగారికి రెండు ముక్కలేసి కాస్త పులుసు పొయ్యవా?"

మంగతాయారుగారు కొయ్యబారిపోయారు. పులుసుంది, ముక్కల్లేవు. ఇడ్లీ పాత్రలో ఐదు పీతలున్నాయి, అవి నావి. ఆవిడ నావైపు చూశారు. పెళ్లిచూపుల్లో మా అమ్మాయిని కూడా అంత ఆశగా చూడలేదు.

"పీతలు ఉడికుంటాయి చెల్లెమ్మా," అన్నాను, గుండె రాయి చేసుకుని. "పులుసులో వేసెయ్యండి."

"ఆయ్ అన్నయ్యగారూ!" ఆ గొంతు బెండమూర్లంక దాకా వినిపించి ఉంటుంది. క్షణంలో ఐదు పీతలూ పులుసులో మునిగాయి. వెంకాయమ్మగారి గిన్నె వెనక ఇంకో గిన్నె, దాని వెనక ఇంకొకటి వచ్చాయి. నాకూ వడ్డించారు. బాగుంది. ఆ పులుసులో నా చెప్పు ముక్కలు కోసి వేసినా అంతే బాగుండేది. నా ఫిర్యాదే అది.

సాయంత్రం బస్సులో, ఒళ్లో పులుసు క్యారియరుతో తిరుగు ప్రయాణం. నా వెనక వెళ్లేవాళ్లకు చెబుతున్నాను: ఓడలరేవుకి ఆటోలు బోలెడు, పీతలకూ కరువు లేదు. ఆవిరి పీత కడుపారా తినాలంటే మాత్రం, మీరు తిన్నా మానినా పట్టించుకోని ఇల్లొకటి చూసుకుని వెళ్లండి. అమలాపురం నుంచి కొత్తపేట దాకా ఆలోచించాను. కోనసీమలో అలాంటి ఇల్లు నాకు ఒక్కటీ తట్టలేదు.