విస్కీ గోడ మూల పద్మనాభం గారి వైన్

పద్మనాభం అంకుల్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ చోట ఏది బాగుంటుందని లోకం చెప్పుకుంటుందో, అది తప్ప మిగిలినది అడుగుతారు.

దోసెల కోసం జనం మంచులో వరసకట్టే హోటల్లో ఈయన చపాతీ అడుగుతారు. బిర్యానీ హోటల్లో పెరుగన్నం. పిజ్జా కొట్లో "సూప్ ఉందా?" అంటారు. అమెరికాలో మేముండే నోవై ఊళ్ళో తెలుగువాళ్ళు ఆయన్ని భోజనానికి పిలిచినప్పుడు, తమ చేతివంటలో దేనికి పేరు లేదో ఆలోచించుకుని అదొకటి తప్పకుండా వండేవారు.

"మీకు నాలుక లేదా?" అని భార్య ధనమ్మ ఆంటీ విసుక్కునేది.

"ఉంది. నీ మాట వినదు, అంతే."

ఆ రోజుల్లో నేను వాళ్ళింటి పైగదిలో ఉంటూ సాహిత్యంలో ఎం.ఏ. చదువుతున్నాను. 2012 చలికాలంలో ఒక శుక్రవారం శ్రీధర్ గారి దగ్గర్నుంచి అంకుల్‌కి ఫోనొచ్చింది. ఐటీ ఉద్యోగం మానేసి అమెరికన్ రెస్టారెంట్ పెట్టిన మనిషాయన. విస్కీకి ఊళ్ళో దాన్ని మించింది లేదు. గోడ నిండా విస్కీ సీసాలే, పై అరలు అందుకోవడానికి నిచ్చెన కూడా ఉంది. మూలనున్న ఒక్క అర మాత్రం వైన్‌ది. దాన్ని చూసుకునేది ఆయన భార్య విజయశ్రీ గారు. కోర్సు చేసి, పరీక్ష రాసి, ఒక్కో సీసా తనే రుచి చూసి ఎంచుకొచ్చారు.

ఆ అర కూడా విస్కీకి ఇచ్చేయాలని శ్రీధర్ గారి పట్టు. ససేమిరా అన్నారు విజయశ్రీ గారు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పద్మనాభం గారు రుచి చూసి బాలేదంటే ఆ రాత్రే వైన్ తీసేయాలి. అక్కడ వైన్ అడిగే తెలుగువాడు ఆయనొక్కడే మరి. అడిగి సగం గ్లాసు వదిలేసేదీ ఆయనే. శ్రీధర్ గారి ధీమా అదే.

"నువ్వూ వెళ్ళమ్మా సంహితా," అంది ధనమ్మ ఆంటీ. "ఈయన తాగితే డ్రైవ్ చేసేవాళ్ళుండాలిగా."

మేం వెళ్ళేసరికి శ్రీధర్ గారు అరలోంచి సగమున్న సీసా తీసి గ్లాసులో పోసి సిద్ధంగా ఉన్నారు. అంకుల్ వాసన చూశారు. ముఖం ఎండిన ఉసిరికాయలా ముడుచుకుంది.

"ఏమయ్యా, ఇది వైనా, పచ్చిపులుసా?"

"విన్నావా విజయా!" శ్రీధర్ గారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. విజయశ్రీ గారు తల దించుకుని, తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడవసాగారు.

"ఆగవయ్యా. ఈ సీసా ఎప్పుడు ఓపెన్ చేశారు?"

"నవంబర్లో, థాంక్స్‌గివింగ్ పండక్కి."

"సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది కదయ్యా!"

"అయితే ఏంటండీ? ఈ గోడ మీద సగం సీసాలు పోయినేడు ఓపెన్ చేసినవే. ఒక్కటైనా పాడైందా?"

"నేను మొత్తుకుంటూనే ఉన్నాను బాబాయ్‌గారూ," విజయశ్రీ గారు చేతిలో గ్లాసు కింద పెట్టేశారు. "మూత తీసిన వైన్ రెండు మూడు రోజులకి మించి నిలవదు. పారబొయ్యనివ్వరు. నీ వైన్‌కి ఓర్పు లేదంటారు."

"మరి లేదుగా! నా విస్కీకి ఉంది!"

"కొత్త సీసా తియ్యమ్మా," అన్నారు అంకుల్.

"ఇంకోటి వేస్ట్ చెయ్యడానికా?" శ్రీధర్ గారు అడ్డొచ్చారు.

అంకుల్ లేచి వెళ్ళి నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టారు. "తియ్యనిస్తావా, నేను పైకెక్కి నీ విస్కీలన్నిట్లో నీళ్ళు కలపనా?"

పక్క టేబుళ్ళ అమెరికన్లు గ్లాసులు గాల్లోనే ఆపేశారు. కొత్త సీసా మూత ఊడింది.

అంకుల్ గ్లాసు ఖాళీ చేసి, "ఆహా!" అన్నారు. తర్వాత శ్రీధర్ గారి చేతికీ ఒక గ్లాసిచ్చారు. ఆయన తాగి, కాసేపు పైకప్పు చూశారు.

"బానే ఉందనుకోండి. కానీ ఎవరూ ఆర్డర్ చెయ్యరు కదా."

"పులుసు పోస్తుంటే ఎవడు చేస్తాడయ్యా? తప్పు నీది, శిక్ష ఆ అమ్మాయికా?" కుర్చీ ఈడ్చుకెళ్ళి వైన్ అర ముందు వేసుకుని కూర్చున్నారు అంకుల్. "నేను లేవను. ఇక్కడ విస్కీ పెట్టాలనుంటే నా నెత్తిన పెట్టు. సంహితా, నువ్వు రెండూ వాసన చూసి చెప్పు!"

నలుగురిలో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. రెండు గ్లాసులూ వాసన చూశాను. "మొదటిది పారబొయ్యాలండీ," అన్నాను. నేననుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

శ్రీధర్ గారు తల పట్టుకున్నారు. "సరే విజయా, నీ అర నీదే. మూడో రోజున పారబొయ్యి. కానీ ఆ టైమ్‌లో నన్ను పిలవకు, చూడలేను."

తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాను: "వైన్ అంటే అంత ఇష్టమా అంకుల్?"

"ఛీ! పులుపు, వగరు. మందులా మింగాను. విస్కీ అంటే నాకు ప్రాణం."

"మరెందుకడుగుతారు?"

"విస్కీ అడిగేవాళ్ళు అక్కడ బోలెడుమంది. ఆ పిల్ల మాత్రం వచ్చిన ప్రతివాడి ముఖంలోకీ చూస్తుంది, ఎవరైనా వైన్ అడుగుతారేమోనని. ఒక్కడైనా అడగొద్దూ?"

"అయితే ఆ చపాతీ?"

"దోసెల పెనం చుట్టూ సందడే. చపాతీ ముసలాయన దగ్గర ఈగ కూడా వాలదు." "దోసె అంటే పడి చస్తానే నేను," అని నిట్టూర్చారు.

పై శుక్రవారం మళ్ళీ వెళ్ళాం. మూడు టేబుళ్ళ మీద వైన్ గ్లాసులు కనిపించాయి. "మీ కోసం మంచిది తీసిపెట్టాను బాబాయ్‌గారూ," అంటూ విజయశ్రీ గారు అంచుదాకా పోశారు. అంకుల్ ఆముదంలా గుటకేసి "ఆహా!" అన్నారు.

శ్రీధర్ గారు అరుదైన విస్కీ సీసా ఒకటి పట్టుకొచ్చారు. "ఇవాళైనా ఇది రుచి చూడండి. నా తరఫున."

అంకుల్ కళ్ళు ఆ సీసాకి అతుక్కుపోయాయి. గొంతుముడి పైకీ కిందకీ కదిలింది. విజయశ్రీ గారు ఆయన్నే చూస్తున్నారు.

"విస్కీయా? ఛ! విస్కీ కోసం ఇక్కడికెవడొస్తాడయ్యా?" అని, పద్మనాభం అంకుల్ ఇంకో గ్లాసు వైన్ అడిగారు.