గురజాల టీచరు, మాచర్ల మాస్టారు, కారంపూడి రాళ్ళు

మా స్కూల్లో పల్నాటి యుద్ధం మళ్ళీ మొదలైంది. ఈసారి స్టాఫ్ రూములో.

వార్షికోత్సవానికి పిల్లలచేత వేయించాలని తెలుగు మాస్టారు వెంకయ్యగారు ఆ కథను నాటకంగా రాసుకొచ్చారు. ఆయనది మాచర్ల. హిందీ టీచరు మస్తాన్‌బీది గురజాల. కథ తెలియనివాళ్ళకోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఒకే తండ్రి బిడ్డలు రాజ్యం పంచుకుని, ఒకరు గురజాలలో, ఒకరు మాచర్లలో కూర్చున్నారు. గురజాలకు ఒక స్త్రీ మంత్రి, మాచర్లకూ ఒక మంత్రి ఉన్నాడు. కోడిపందెంలో ఓడిన మాచర్లవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోయారు. గడువు తీరాక వచ్చి తమ భాగం అడిగితే గురజాలవాళ్ళు ఇవ్వలేదు. కారంపూడి దగ్గర రెండు సైన్యాలూ తలపడి, దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి.

వెంకయ్యగారి నాటకంలో ఆ మంత్రిణి మొదటి రంగం నుంచి చివరిదాకా పళ్ళు కొరుకుతూనే ఉంటుంది. ఆ వేషం వేసే తొమ్మిదో తరగతి అమ్మాయికి దవడలు నొప్పి పుట్టి, "నేనెందుకు సార్ ఇంత చెడ్డదాన్ని?" అని అడిగింది.

"ఆడదానివై ఉండీ మంత్రివయ్యావు కదమ్మా, అందుకు," అంది మస్తాన్‌బీ.

ఆ మాటతో ఇద్దరికీ చెడింది. నెలరోజులు పలకరింపుల్లేవు. ఆయనకు చాక్‌పీసు కావాలంటే నన్ను అడగాలి, నేను ఆమెను అడగాలి. చివరికి హెడ్మిస్ట్రెస్‌గారు నన్ను పిలిచి, "నువ్వు సోషల్ టీచరువి. ఇద్దర్నీ తీసుకుపోయి మూడు ఊళ్ళూ చూపించు. నాటకం ఉందో లేదో సోమవారం చెప్పండి," అన్నారు. డైలాగులన్నీ బట్టీపట్టిన పిల్లల మొహాలు గుర్తొచ్చి సరేనన్నాను.

శనివారం ఉదయం ఏడున్నరకు సత్తెనపల్లిలో మాచర్ల పాసింజరు ఎక్కాం. వెంకయ్యగారు ఈ పక్క కిటికీ, మస్తాన్‌బీ ఆ పక్క కిటికీ. నేను మధ్యలో సరిహద్దులా కూర్చున్నాను. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల దుమ్ము లోపలికి కొట్టింది. మాస్టారి మీసం అయిదు నిమిషాల్లో పదేళ్ళు ముసలిదైంది. మస్తాన్‌బీ చూసి, నవ్వు రాకుండా బయటికి తల తిప్పుకుంది.

తొమ్మిదిన్నరకు గురజాలలో దిగాం. ఆమె మేనమామ ఖాసింగారికి బస్టాండు దగ్గర బైకుల మెకానిక్ షెడ్డు ఉంది. ఇడ్లీలు తెప్పించి పెట్టాడు. కోడిపందెంలో మోసం జరిగిందంటారు, నిజమేనా అని నేనడిగాను.

"మోసమా?" అన్నాడాయన, చేతిలో స్పానరు ఊపుతూ. "పందేనికి రమ్మని ఎవురన్నా మెడబట్టి లాక్కొచ్చారా ఏంది? గెలిస్తే మా కోడి మొగోడంటారు, ఓడితే మోసమంటారు. చానా చూశాం."

వెంకయ్యగారు నా చెవిలో, "ఆయనతో చెప్పండి మేడమ్, రాజ్యాన్ని కోడికాలికి కట్టించిందెవరో," అన్నారు. ఆయన గొంతు ఎంత చిన్నదంటే, రోడ్డవతల పంక్చర్లు వేసే మనిషి కూడా తలెత్తి చూశాడు. నేను ఇద్దరినీ బస్సెక్కించాను.

పదకొండున్నరకు మాచర్ల చేరి, చెన్నకేశవస్వామి గుడి తలుపులు మూసేలోగా దర్శనం చేసుకున్నాం. మస్తాన్‌బీ మండపంలో స్తంభాల మీది బొమ్మలన్నీ ఓపిగ్గా చూసింది. భోజనం వెంకయ్యగారి తమ్ముడింట్లో. వాళ్ళమ్మగారు జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, పైన ఇంత వెన్న వేసి, మస్తాన్‌బీ పక్కనే కూర్చుని తినిపించినంత పని చేశారు.

"ఏమ్మే, అట్టా కెలుకుతావేంది? తిను," అంటూనే యుద్ధం సంగతి ఎత్తారు. "ఏడేళ్ళు అడవులుబట్టి తిరిగొచ్చినోళ్ళని పో అంటే ఎట్టా పోతారే? నువ్వైతే ఊరుకుంటావా?"

మస్తాన్‌బీ నోట్లో ముద్ద పెట్టుకుని జవాబు తప్పించుకుంది. మాస్టారు మాత్రం మూడో రొట్టె అడిగారు. గెలుపు ఆకలి అనుకుంటాను.

రెండున్నరకు కారంపూడి బస్సు. రోడ్డు పొడుగునా పత్తిచేలు, మధ్యమధ్య నాపరాళ్ళ గుట్టలు. మూడున్నరకల్లా వీరుల గుడి ముందు ఉన్నాం. నాగులేరు పక్కనే. పోయేవాళ్ళు కార్తీకంలో ఉత్సవాలప్పుడు పోతే సందడి చూస్తారు. మేం పోయిన రోజున ఆవరణ ఊడుస్తున్న ఒక పెద్దామె తప్ప ఎవరూ లేరు. వీరుల గుర్తుగా వరసగా నిలబెట్టిన రాళ్ళు. ఆ పెద్దామె పూర్వీకుల కాలం నుంచీ వాళ్ళ ఇంటివాళ్ళదే అక్కడి ఊడిగమట.

వెంకయ్యగారు మొలలో కత్తి ఉన్నవాడిలా ఛాతీ విరిచి, "మాది మాచర్ల పక్షం అవ్వా. మా పెద్దలు ఈడనే పడ్డారు," అన్నారు.

"ఇంటిపేరేంది నాయనా?"

ఆయన చెప్పారు.

ఆమె చీపురు ఆపింది. "వాళ్ళు గురజాల తరఫోళ్ళు గదయ్యా. మా తాత చెప్పేవోడు."

మాస్టారు ఒప్పుకోలేదు. అప్పటికప్పుడు అమ్మకు ఫోను చేసి స్పీకర్లో పెట్టారు. అవతలి నుంచి తాపీగా జవాబొచ్చింది: "అవున్రా. మనోళ్ళు గురజాల దిక్కునించి కరువుకి మాచర్ల వచ్చినోళ్ళే. మీ నాయన చెప్పలా?"

"మరి ఇందాక అన్నాల దగ్గర నువ్వు మాచర్లవాళ్ళ తరఫున మాట్లాడితివే!"

"ఉండేది ఈడ గదరా!"

మాస్టారు మెట్టుమీద కూలబడ్డారు. మస్తాన్‌బీ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నెలరోజుల తర్వాత ఆయనతో తొలిమాట అదే: "రండి మాస్టారూ, మా పక్కకి. చోటుంది."

ఆయన కూడా నవ్వేశారు. నవ్వులు సద్దుమణిగాక మస్తాన్‌బీ ఆ రాళ్ళ వరసల మధ్య నడిచింది. ఏది ఎవరి తరఫుదని అడిగితే పెద్దామె, "ఇయ్యన్నీ మనుషులే తల్లీ. దణ్ణం పెట్టేటప్పుడు తరఫులు అడగం," అని మళ్ళీ చీపురు అందుకుంది.

మస్తాన్‌బీ చాలాసేపటికి తిరిగొచ్చి మాస్టారి పక్కన కూర్చుంది. "ఏడేళ్ళయినాక ఇచ్చేయాల్సింది. అది మావాళ్ళ తప్పే," అంది.

"జనాన్నీ నేలనీ కోడిమీద కాసింది మావాళ్ళు," అన్నారాయన. "మావాళ్ళో, మీవాళ్ళో. నాకిప్పుడు ఏమనాలో తెలవట్లా."

అయిదింటికి నర్సరావుపేట బస్సు దొరికింది. ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కున్నాం. నా నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళిద్దరూ నాటకాన్ని చీల్చి చెండాడారు. మంత్రిణి పళ్ళు కొరకడం పోయింది. ఆమెకూ తన కారణాలు చెప్పుకునే రంగం ఒకటి వచ్చింది. మాచర్లవాళ్ళు పందేనికి ఒప్పుకునే చోట, వద్దని చెప్పే ముసలి సైనికుణ్ణి మస్తాన్‌బీ చేర్చింది. సోమవారందాకా ఆగకుండా, నాటకం ఉన్నట్టేనని నేను హెడ్మిస్ట్రెస్‌గారికి మెసేజి పెట్టాను.

పత్తితీతకు పోయి వస్తున్న ఒకామె ముందుసీట్లో కూర్చుని ఇదంతా వింటోంది. ఉండబట్టలేక వెనక్కి తిరిగింది.

"ఇంతకీ గెల్సిందెవురమ్మా?"

"గెలిచినోళ్ళకీ ఏం మిగల్లేదు పిన్నీ," అంది మస్తాన్‌బీ.

"మరి వద్దని ఆపేదానికి చదువుకున్నోళ్ళు ఒక్కరూ లేరా?"

"ఉన్నారమ్మా," అన్నారు మాస్టారు. "రెండు పక్కలా మంత్రులు వాళ్ళే."

పాతికేళ్ళుగా ఈ పాఠానికి కారణాలనీ ఫలితాలనీ బోర్డుమీద రెండు నిలువు వరసలు రాయిస్తున్నాను. ఆమె అడిగింది ఆ రెంటిలో ఎక్కడా లేదు. ఆమె మా ముగ్గురినీ, వాళ్ళ ఒళ్ళోని నోటుబుక్కునీ ఒకసారి తేరిపార చూసింది.

"మీరు పంతుళ్ళా?" అంది.

అవునన్నాం, కొంచెం మెల్లగా.