నీలం షెడ్డులో ఏముంది

పార్శిల్ చేతికి రాగానే అతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఒకసారి ఊపుతాడు. గలగలమంటే గాజు. గుసగుసమంటే బట్టలు. ఏ చప్పుడూ రాకపోతే ఆ రోజంతా దాని గురించే ఆలోచన. ఇన్నేళ్ల కొరియర్ పనిలో ఒక్కటీ విప్పి చూడలేదు.

మొన్న ఒక మలుపులో మోటారుబండి మీంచి పడ్డాడు. అడిగినవాళ్లకు ఇసుకలో జారానన్నాడు. మోకాలి దెబ్బ మానింది గానీ మళ్లీ బండి తాళంచెవి ముట్టలేదు. ఆఫీసులో కూర్చుని పార్శిళ్లు వేరు చేస్తున్నాడు. రేపు కూడా బండెక్కకపోతే నీ వీధులు ఇంకొకరికిస్తానని మేనేజరు చెప్పేశాడు.

"మళ్లీ పడనని నమ్మకం లేకుండా ఎలా ఎక్కను?" అన్నాడు ఆ సాయంత్రం భార్యతో.

మరదలు వింది. కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి బండి పందెం ఆట పెట్టింది.

"రా బావా. ఇందులో పడితే కట్టు కట్టక్కర్లేదు."

ఎర్ర బండి. ఎత్తైన వాలు. బాణం మీటలు నొక్కితే గాల్లో పల్టీ. మొదట్లో ముక్కు మీద పడ్డాడు. కాసేపటికి బండి చక్రాల మీద దిగింది.

"గాల్లో దేన్ని పట్టుకుని తిరుగుతుందే ఇది?"

"నీకన్నీ కావాలి. ముందు చూసి నడుపు."

తర్వాతి మలుపు మాత్రం దాటలేకపోయాడు. అక్కడ దారి పక్కన నీలం షెడ్డు, ఓరగా తెరిచిన తలుపు.

"పల్టీలు కొట్టేవాడివి చదును దారిలో పడతావేం? అదీ ప్రతిసారీ ఆ షెడ్డు దగ్గరే!"

"లోపలేముందో చూద్దామని."

"ఏమీ ఉండదు. బొమ్మ అది."

"తలుపు తెరిచుంది కదే."

"నువ్వు అటు చూస్తే బండీ అటే పోతోంది. దారి చూడు బావా!"

అతను మీటల మీంచి చెయ్యి తీశాడు.

"ఆ రోజు ఆ మలుపులో, పాత సామాన్ల కొట్టు ముందు, లారీలోంచి పెద్ద చెక్కపెట్టె దించుతున్నారు," అన్నాడు. "నలుగురు పట్టినా లేవట్లేదు."

భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "మరి ఇసుక?"

"ఇసుక లేదు."

"అక్కా, గుర్రానికి కట్టినట్టు బావకి కళ్లకు గంతలు కట్టి పంపు," అంది మరదలు.

భార్య నవ్వలేదు. లోపలికి వెళ్లాక నవ్వింది.

మరునాడు పొద్దున బండి తీశాడు. మలుపుకు ముందే ఆపి, స్టాండు వేసి, కొట్టు దాకా నడిచాడు.

"మొన్న ఆ పెద్ద పెట్టెలో ఏమొచ్చింది?"

"పియానో," అన్నాడు కొట్టువాడు. "ఎందుకూ?"

"ఊరికే."

వెనక్కి వచ్చి బండెక్కాడు. దారి మీదే చూపు నిలిపి మలుపు తిరిగాడు.