లెక్కల పాఠాలు వీరావల్ వెళ్లిన వేసవి

పోయిన వారం మా ఆఫీసులో పాత కంప్యూటరొకటి మొరాయిస్తే, బాగుచేసే మనిషి వచ్చి దాని పక్క రేకు ఊడదీసి చిన్న బ్లోయరుతో లోపలి దుమ్మంతా ఊదాడు. వేడెక్కిన ఆ దుమ్ము వాసన ముక్కుకి తగలగానే, విజయనగరంలో ఫైళ్ల బీరువాల మధ్య నిలబడ్డ నేను రాజాంలో మా పాత ఇంటి నడిమిగదిలోకి, పన్నెండేళ్ల వయసులోకి వెళ్లిపోయాను. పెరట్లోంచి మామ్మ కాల్చే చుట్ట పొగ, వంటింట్లోంచి అమ్మ వేయించే ఎండు మెత్తళ్ల చేపల ఘాటు, మంచం కింద గడ్డిలో మగ్గబెట్టిన మామిడిపళ్ల తీపి, వీటన్నిటినీ దాటుకుని మా అత్త కంప్యూటరు వేడి వాసన ఇల్లంతా తిరిగేది.

అత్త అంటే మా నాన్నకి అక్క. పేరు అప్పలనరసమ్మ. ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేది, పిల్లలంతా నరసమ్మ మేడం అనేవారు. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఇంట్లో మామ్మకి తప్ప ఎవరికీ లేదు, మామ్మ అడిగినా జవాబు వచ్చేది కాదు. అవి రెండువేల పదుల మొదటి ఏళ్లు, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. కరెంటు పోగానే కంప్యూటరు కింది బ్యాటరీ పెట్టె కుయ్యి కుయ్యిమని అరిచేది. మామ్మ, నిప్పున్న కొస నోట్లోపల పెట్టుకుని చుట్ట కాలుస్తూనే, పెరట్లోంచి కేకేసేది. "ఒసే నరసా, ఆ డబ్బా ఏడుస్తన్నాది, సేవు సేసుకో!" అక్షరం ముక్క రాని మా మామ్మకి వచ్చిన కంప్యూటరు మాట అదొక్కటే.

అత్త విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు అక్కడి మాస్టారొకాయన దగ్గర ఒక విద్య నేర్చుకుంది. మామూలుగా అచ్చుపని చేసేవాళ్లు తెర మీద అక్షరాన్ని లావు చేసి, జరిపి, లాగి పేజీ తయారుచేస్తారు. అత్త అలా చేసేది కాదు. ఏ ముస్తాబూ లేని ఉత్త టెక్స్టు ఫైల్లో పాఠం టైపు చేసి, అవసరమైన చోట వెనక్కి వాలిన గీతొకటి పెట్టి, దాని పక్కన 'అధ్యాయం' అనో 'లెక్క' అనో 'భిన్నం' అనో రాసేది. ఆ ఫైలు సాఫ్ట్‌వేరుకి అప్పగిస్తే, 'అధ్యాయం' ఉన్నచోట కొత్త పేజీ, పెద్దక్షరాలు, 'లెక్క' ఉన్నచోట వరస నంబరు, 'భిన్నం' ఉన్నచోట అడ్డగీత, దాని పైనొక అంకె, కిందొక అంకె, అన్నీ వాటంతటవే అమరిపోయి చూడముచ్చటైన పుస్తకం వచ్చేది. ఆ గీత మాటల్ని మాక్రోలంటారని చెప్పింది.

"మాక్రో అంటే ఏటత్తా?" అన్నాను.

"పప్పులో పోపెట్టవే అంటాది మీ అమ్మ. నూనె పొయ్యి, ఆవాలెయ్యి, సిటపటమన్నాక మిరపకాయ తుంపు, కరేపాకు పడెయ్యి అని రోజూ సెప్తాదేటి? పోపు అన్న ఒక్క మాటలో అదంతా ఉన్నాది. ఇదీ అంతే."

ఆ పుస్తకాలు అత్త ఎవరికోసం చేసేదో చెప్పాలి. ఒకసారి శ్రీకూర్మంలో దర్శనం చేసుకుని వస్తూ, బస్సు కోసం నిలబడ్డచోట ఎండుచేపల గంప పక్కన కూర్చుని పదో తరగతి లెక్కల గైడు చదువుతున్న పిల్లని చూసింది. అత్త తొంగిచూసేసరికి ఆ పిల్ల మొహమాటం లేకుండా పుస్తకం చేతికిచ్చి, "సూడమ్మా, మూడుసార్లు సేసినాను, మూడుసార్లూ ఇదే వచ్చినాది. పుస్తకంలో జవాబు ఏరేగా ఉన్నాది" అంది. అత్త నిలబడే లెక్క చేసి చూసింది. పుస్తకమే తప్పు. బస్సు వచ్చి వెళ్లిపోయింది, వాళ్లిద్దరూ తర్వాతి లెక్కలో ఉన్నారు. ఆ పిల్ల పేరు నూకరత్నం. ఆ దాపునే సముద్రం ఒడ్డు పల్లె వాళ్లది, ఒక్క లెక్కల్లోనే పది తప్పింది. వాళ్ల పల్లెలో అలాంటి ఆడపిల్లలు మరో ఆరుగురున్నారని తెలిసి, ఆ తర్వాతి ఆదివారం నుంచి అత్త రాజాంలో మొదటి బస్సెక్కి అక్కడికి వెళ్లడం మొదలుపెట్టింది. వెనకాలే నేనూ.

తుపాను షెల్టరు వరండాలో పాఠం సాగేది. సముద్రపు గాలి కాగితాల్ని ఎగరేసుకుపోతుంటే పిల్లలు ఒక్కో పేజీ మీద ఒక్కో గవ్వ బరువు పెట్టి రాసుకునేవారు. పాఠమయ్యాక వాళ్లూ నేనూ ఇసక మీద గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, ఎంత లోతుగా గీసినా గాలి మా గళ్లని చెరిపేస్తూనే ఉండేది. రత్నం తల్లి కానాగంతల చేపల పులుసు, చల్ల కలిపిన చోడంబలి, అదే రాగి అంబలి, పెట్టేది. గౌరమ్మకి చేసే గైరమ్మ పండగ రోజుల్లో ఆ ఇళ్లలో కాలిన బెల్లప్పాకం వాసన, పడవలకి పూసిన తారు వాసన కలిసిపోయేవి, నాకు ఇప్పటికీ పొంగడాలు తింటే తారు గుర్తొస్తుంది.

ఆ చలికాలంలో రత్నం ఊరు వదిలిపోయింది. తండ్రి గుజరాత్ తీరాన వీరావల్‌లో బోటు పనిచేసేవాడు. ఆయనకి జ్వరాలు తగ్గకపోతే తల్లి బయల్దేరి, పిల్లనీ తీసుకుపోయింది. అత్త పోస్టులో పంపిన పాఠాల కట్ట రెండుసార్లు చిరునామా దొరక్క తిరిగొచ్చింది. వేసవి సెలవులు మొదలైన రోజున రత్నం ఫోను చేసింది. స్పీకరులో నేనూ విన్నాను.

"మేడమ్, జూన్‌లో పరీచ్చ ఉన్నాది. నాకు నర్సు అవ్వాలని ఉన్నాది. ఈసారి తప్పితే ఇక్కడే సేపల షెడ్డులో పెట్టేస్తానంతన్నాడు మా అయ్య."

"ఫోన్లో నెట్టు ఉన్నాదా?"

"సిన్న ఫోను మేడమ్. పెద్ద ఫైళ్లు రావు. సిన్న సిన్న పేజీలు వస్తాయి."

"అయితే పేజీల్లాగే పంపుతాను. నువ్వు రోజూ సూస్తుండు," అని అత్త ఫోను పెట్టేసి నావైపు తిరిగింది. "మీ అమ్మమ్మోళ్లింట్లో పోపులో ఏటేస్తారే?"

"ఎల్లుల్లి."

"మాట అదే కదా? ఇల్లు మారితే లోపల సరుకు మారినాది. మనం పాఠాలు మళ్లీ రాయక్కర్లేదు. మాటల అర్థం మారిస్తే సాలు."

ఆ రోజు నుంచి 'అధ్యాయం' అంటే కాగితం పేజీ కాదు, ఫోనులో తెరుచుకునే వెబ్ పేజీ. 'భిన్నం' అంటే పైనొకటి కిందొకటి కాదు, ఆ బుల్లి తెరలో అలా పట్టవు కాబట్టి మధ్యలో ఏటవాలు గీత. తెల్లవారి చల్లగా ఉండగానే అత్త కూర్చునేది. నేను పక్కన స్టూలు మీద తాటిముంజలు తింటూ, నాన్న ఫోనులో ఒక్కో పేజీ తెరిచి, తప్పులు చదివేదాన్ని. ఒకచోట ముయ్యాల్సిన బ్రాకెట్టు మర్చిపోతే పాఠం మొత్తం లావక్షరాల్లో వచ్చేసింది, దాన్ని పట్టుకున్నది నేనే. పది రోజులకి పద్నాలుగు అధ్యాయాలూ ఉచితంగా జాగా ఇచ్చే ఒక వెబ్‌సైటులోకి ఎక్కాయి. రత్నానికి చిరునామా పంపాం.

గంటకి ఫోనొచ్చింది. "మేడమ్, అంకెలు కనపడతన్నాయి. మిగతావన్నీ డబ్బాలే."

ఆమె ఫోనులో తెలుగక్షరాలు లేవు. అత్త పెరట్లోకి వెళ్లి, నానబెట్టిన బట్టలన్నీ ఉతికి, ఒక్కోటీ దులిపి ఆరేసి, తడిచేతులతోనే తిరిగొచ్చి కూర్చుంది. "ఆ పిల్ల మెసేజీ ఎలా పంపుతాదే?" అంది. అప్పట్లో అందరం పంపినట్టే, తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో. "అయితే పాఠం కూడా అలాగే ఎల్తాది."

ఒక్కో తెలుగక్షరాన్నీ ఒక మాక్రోగా చేసింది. క కనపడితే ఇంగ్లీషులో 'క' రాయి, గుడి కనపడితే 'ఇ' రాయి. తీరా ఆ ఇంగ్లీషక్షరాల్ని కూడబలుక్కుని చదివితే 'లెక్క' కాస్తా 'లఎకక' అయింది, 'గుణింతం' 'గఉణఇంతం' అయింది. నేను పైకి చదువుతుంటే మామ్మ పొగ పొలమారేలా నవ్వి, "పళ్లూడిపోయినోళ్లు సదివినట్టున్నాదే!" అంది. అత్తకి నవ్వు రాలేదు. మూడు రోజులు రకరకాలుగా మార్చింది. పరీక్షకి నెల్లాళ్లు కూడా లేవు. నాన్న కూడా, "వదిలీయే అక్కా, ఒక పిల్ల కోసం ఇంతా?" అన్నాడు. అత్త తలెత్తలేదు. "ఒక పిల్ల కోసం కాకపోతే ఇంక దేనికిరా ఈ సదువు?" అని మాత్రం అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను మళ్లీ ఆ మాటలు చదువుతూ, వేలితో ఒక్కో అక్షరం తడుముతున్నాను. ఒకటో తరగతి పిల్లలా చదివితే తెలిసింది. "అత్తా, మనం 'గ' దగ్గర ఎంటనే నోరు తెరవం కదా. పక్కన కొమ్ముందా, గుడుందా, సున్నుందా సూసుకుని అప్పుడు పలుకుతాం" అన్నాను.

అత్త నావైపు తిరిగింది. "మళ్లీ సెప్పు."

మళ్లీ చెప్పాను.

అక్షరం పలికే ముందు పక్కనేముందో తొంగిచూసేలా మాక్రోని మార్చడానికి సాయంత్రం దాకా పట్టింది, మధ్యలో రెండుసార్లు బ్యాటరీ పెట్టె ఏడ్చింది. ఆరింటికి తెర మీద 'లెక్క' లెక్కలాగే వచ్చింది. అత్త నా నెత్తి మీద చెయ్యిపెట్టి గట్టిగా ఒక్క ఊపు ఊపింది. ఆవిడ మెచ్చుకోవడం అలాగే ఉండేది, మెడ నొప్పెట్టింది కానీ నేను చాలాసేపు కదల్లేదు.

రత్నం ఆ రాత్రే చదవడం మొదలుపెట్టిందట, మర్నాడు చెప్పింది. షెడ్డులో తల్లి రొయ్యలు వలుస్తుంటే పక్కనే గోడకానుకుని ఫోను చూస్తూ, పాత క్యాలెండరు వెనక లెక్కలు చేసేది. మిస్డ్ కాల్ ఇస్తే అత్త తిరిగి చేసేది. వారం గడిచాక ఒక లెక్క మీద పట్టుబట్టింది. "నాలుగుసార్లు సేసినాను మేడమ్. మీ జవాబు రావట్లేదు." అత్త కాస్త విసుక్కుంటూ కాగితం పుస్తకం తెరిచి చూసి నాలిక్కరుచుకుంది. కాగితం మీద 'ఎక్స్ ప్లస్ ఒకటి' మొత్తం గీత పైన, రెండు గీత కింద ఉన్నాయి. ఏటవాలు గీతలోకి మారేసరికి ఎక్స్ విడిపోయి, ఒక్క ఒకటి కిందే రెండు ఉన్నట్టు అయిపోయింది. బ్రాకెట్టు ఉండాల్సింది. 'భిన్నం' మాక్రోలో ఒక్కచోట బ్రాకెట్టు చేరిస్తే, పుస్తకమంతటా భిన్నాలన్నీ ఒకేసారి సరయ్యాయి. అత్త ఫోనులో, "నువ్వే రైటు" అంది.  "నానా మేడమ్ రైటు?" అంది రత్నం.

జూన్‌లో తల్లీకూతుళ్లు మూడు రైళ్లు మారి వచ్చారు. తండ్రి టిక్కెట్లు తీసిచ్చి స్టేషను దాకా వచ్చాడట. పరీక్ష సెంటరు బయట ఎండలో అత్తా నేనూ నిలబడ్డాం. ఏడుగురిలో ఐదుగురు పాసయ్యారు. రత్నం పాసయింది. తప్పిన ఇద్దరి ఇళ్లకీ ఫలితాలొచ్చిన మర్నాడే అత్త వెళ్లింది, పాసైన ఐదుగురి ఇళ్లకి వెళ్లడానికి మాత్రం నెల పట్టింది. తర్వాత రత్నం ఇంటరు, నర్సు చదువు పూర్తిచేసి, ఇప్పుడు వాళ్ల మండలంలోనే ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తోంది. నా పెళ్లికి వచ్చి, అత్త పక్కనే కూర్చుంది.

ఇప్పుడు ఆ బుల్లి ఫోన్లు లేవు, తెలుగుని ఇంగ్లీషక్షరాల్లో పంపే అవసరం ఎవరికీ లేదు. మామ్మ లేదు, ఆ రకంగా చుట్ట కాల్చే ఆడవాళ్లూ మా వీధిలో ఒక్కరూ మిగల్లేదు. షెల్టరు పైకప్పు ఒక తుపానుకి పెచ్చులూడి, లోపలికి ఎవర్నీ పోనివ్వడం లేదు. మొన్న ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక, మేం పాఠాలు ఎక్కించిన ఆ వెబ్ చిరునామా గుర్తు తెచ్చుకుని కొట్టి చూశాను. ఆ వెబ్‌సైటే మూతపడింది. పద్నాలుగు అధ్యాయాల్లో ఒక్క పేజీ కూడా లేదు. ఏడుపొచ్చినంత పనై అత్తకి ఫోను చేశాను.

అత్త అంతా విని, "నీకాడ ఆ టెక్స్టు ఫైళ్లు ఉన్నాయా?" అంది.

అత్త పాత కంప్యూటరులోంచి ఎప్పుడో నా దాంట్లోకి ఎక్కించుకున్నవి, వెతికి చూశాను. ఉన్నాయి. ఏ ముస్తాబూ లేనివి కాబట్టి ఇట్టే తెరుచుకున్నాయి.

"ఉన్నాయత్తా."

"అయితే ఆదివారం రా. ఈ ఏడు మా కాలేజీ ఆయమ్మ కూతురు, ఇంకో నలుగురు తప్పినారు. పరీచ్చకి రెణ్ణెల్లే ఉన్నాది."